రూనీ నిబంధన గారికి హనుమకొండ నుంచి ఒక విన్నపం

మహారాజశ్రీ రూనీ నిబంధన గారి సముఖమునకు,

హనుమకొండ నుంచి ఒక కబడ్డీ కోచ్ నమస్కరించి రాసుకుంటున్న విన్నపం. ఉభయకుశలోపరి. తమరు పుట్టింది అమెరికాలో, తమరి కొలువు అక్కడి ఫుట్‌బాల్ లీగు ఎన్ఎఫ్ఎల్‌లో. ప్రధాన కోచ్ కొలువుకు నల్లజాతి వంటి మైనారిటీ జాతుల అభ్యర్థిని ఇంటర్వ్యూకైనా పిలిచి తీరాలన్నది తమరి శాసనం. అయినా తమరి పోలికలు పుణికిపుచ్చుకున్న వారసులు సముద్రాలు దాటి మన దాకా వచ్చారని, నిన్న మధ్యాహ్నం హైదరాబాదులో వారిలో ఒకరి చేతుల మీదుగా నాకు ఘనమైన మర్యాద జరిగిందని తమకు విన్నవించుకోవడం నా విధిగా భావిస్తున్నాను.

ఒక ప్రొఫెషనల్ జట్టు ప్రధాన కోచ్ ఉద్యోగానికి నన్ను ఇంటర్వ్యూకు పిలిచింది. పిలిచినవారిలో ఒక మహిళ అయినా ఉండాలన్నది స్పాన్సర్ పెట్టిన షరతట. ఆ సంగతి అక్కడి ఆఫీసు అమ్మాయి హాజరు పట్టికలో నా పేరు పక్కన టిక్కు పెట్టుకుంటూ, గండం గడిచిందన్నంత ఊరటగా చెప్పింది. పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ (ఎన్ఐఎస్)లో కోచింగ్ డిప్లొమా చేసి, మా ఊరి స్టేడియం జేఎన్ఎస్‌లో ఆడపిల్లలకు కూత పట్టడం దగ్గర నుంచి నేర్పుకుంటూ వచ్చిన నేను, ఆ జట్టు కిందటి సీజన్‌లో డూ ఆర్ డై రైడ్లలో, అంటే పాయింటు తేకపోతే రైడర్ అవుటయ్యే కూతల్లో, పాయింట్లు ఎక్కడెక్కడ పారేసుకుందో మ్యాచుల వారీగా కాగితాల మీద రాసుకొని మరీ వెళ్లాను. ఆ కాగితాలను ఎవరూ అడగలేదు. ఎదురుగా కూర్చున్న ముగ్గురు పెద్దమనుషుల్లో ఒకాయన నెలల తరబడి క్యాంపుల్లో ఉండాలంటే ఇంట్లో ఒప్పుకుంటారా అని అడిగారు, రెండో ఆయన మగవాళ్లు ఆడమనిషి మాట వింటారంటారా అని అడిగారు, మూడో ఆయన ఫోన్ చూసుకున్నారు. అంతలో ఫొటోగ్రాఫర్ లోపలికి వచ్చి, "మేడమ్, కొంచెం నవ్వండి" అని ఒక ఫొటో తీసుకొని వెళ్లిపోయాడు. టీ మాత్రం బాగుంది, లేదంటే పాపం తగులుతుంది.

తిరుగు ప్రయాణంలో రైలు భువనగిరి దాటకముందే ఆ జట్టు వీడియో నా ఫోన్‌లో ప్రత్యక్షమైంది. కొత్త ప్రధాన కోచ్ గారు పొగలోంచి, డప్పుల మోత మధ్య, నెమ్మదిగా నడిచి వస్తున్నారు. ఒంటి మీద జట్టు ట్రాక్‌సూట్, దాని ఛాతీ మీద దారంతో కుట్టిన ఆయన పేరు. ఆయనతో నాకు పేచీ లేదు, ఆయన మంచి ఆటగాడు. నా పేచీ అంతా ఆ వీడియోతోనే. నేను రెండున్నరకు ఆ మెట్లు దిగితే, వీడియో ఐదింటికల్లా వచ్చింది. ఈ వ్యవధిలోనే ఆ పెద్దమనుషులు మా అందరి అర్హతలనూ కూలంకషంగా చర్చించి, ఆయనకు కబురు పంపి, ఒప్పందం మీద సంతకాలు చేయించి, దర్జీని పిలిపించి కొలతలు తీయించి, పేరు కుట్టించి, పొగ యంత్రం అద్దెకు తెప్పించి, డ్రోన్ ఎగరేసి, డప్పులవాళ్లను కుదిర్చి ఉంటారని నమ్మడానికి శాయశక్తులా ప్రయత్నించాను. వీడియోలు ఎడిటింగ్ చేసి బతికే మా మేనల్లుడికి పంపిస్తే, "అత్తా, ఇది తక్కువలో తక్కువ వారం పని" అన్నాడు. అదీ పక్కన పెడదాం. వీడియో నడుమ ఆయన వెనక గుట్ట మీది నుంచి సూర్యుడు ఉదయిస్తున్నాడు. మధ్యాహ్నం ఇంటర్వ్యూల తర్వాత ఎంపికైన మనిషికి సాయంత్రంలోపు సూర్యోదయం ఎక్కడ దొరికిందో తమరే సెలవివ్వాలి.

తమరి పుట్టుక గొప్పదే, కాదనను. 2002లో టోనీ డంజీ, డెనిస్ గ్రీన్ అనే ఇద్దరు నల్లజాతి కోచ్‌లను, జట్లను గెలిపించిన చరిత్ర ఉన్నా, యజమానులు సాగనంపారు. నల్లజాతి కోచ్‌లు ఎక్కువ గెలుస్తున్నా వారికి అవకాశాలు ఆలస్యంగా, ఉద్వాసనలు తొందరగా వస్తున్నాయని సైరస్ మెహ్రీ, జానీ కాక్రన్ అనే న్యాయవాదులు నివేదిక ఇచ్చి, దావా వేస్తామని లీగును హెచ్చరించారు. దాంతో పిట్స్‌బర్గ్ స్టీలర్స్ యజమాని డాన్ రూనీ పెద్దరికం మీద, ప్రధాన కోచ్ పదవికి కనీసం ఒక మైనారిటీ అభ్యర్థినైనా ఇంటర్వ్యూ చేసి తీరాలంటూ 2003లో తమరు అవతరించారు. ఇంటర్వ్యూ పూర్తయ్యే దాకా ఎవరికీ మాట ఇవ్వరాదని మాత్రం తమరు గట్టిగా పట్టుబట్టలేదు. ఆ సందులోంచే నిన్నటి పొగ వచ్చింది.

తమరు కళ్లు తెరిచిన ఏడాదే డెట్రాయిట్ లయన్స్ జట్టు స్టీవ్ మరియూచిని కోచ్‌గా తీసుకుంది. ఆ కొలువు ఆయనకే రాసిపెట్టి ఉందని లోకమంతా తెలిసిపోవడంతో, పిలుపు అందిన ఐదుగురు మైనారిటీ అభ్యర్థులు మేము రామని చెప్పేశారు. లీగు ఆ జట్టు అధ్యక్షుడు మాట్ మిలెన్‌కు 2,00,000 డాలర్ల జరిమానా విధించింది. ఆ ఐదుగురిలో ఒక్కరైనా మొహమాటపడి వెళ్లి, కూర్చొని, కాఫీ తాగి వచ్చి ఉంటే ఆ జరిమానాకు తావే ఉండేది కాదని గమనించగలరు. జట్ల యజమానులు గమనించారు. మనిషిని ఎలాగైనా రప్పించాలి, అంతే.

తనను ఉత్తుత్తి ఇంటర్వ్యూకు పిలిచారంటూ నల్లజాతి కోచ్ బ్రయాన్ ఫ్లోరెస్ 2022లో వేసిన దావా సంగతి తమరికి కొత్త కాదు. న్యూయార్క్ జెయింట్స్ ఇంటర్వ్యూకు ఇంకా మూడు రోజులు ఉండగానే మరో జట్టు కోచ్ బిల్ బెలిచిక్ నుంచి, ఉద్యోగం వచ్చినందుకు ఫ్లోరెస్‌కు అభినందన సందేశం వచ్చింది. పేరు కలవడంతో పొరబడ్డారు, అది బ్రయాన్ డేబోల్ అనే మరో అభ్యర్థికి వెళ్లవలసింది. ఆ ఉద్యోగం డేబోల్‌కే దక్కింది. తమది బూటకపు ఇంటర్వ్యూ కాదని జట్టు ఖండించింది, ఖండించక ఏం చేస్తుంది? ఫ్లోరెస్ కోర్టుకెక్కిన నాటికి, ఆటగాళ్లలో సగానికి పైగా నల్లజాతివారే ఉన్న ఆ లీగులో, 32 జట్లకు గాను నల్లజాతి ప్రధాన కోచ్ ఒక్కరంటే ఒక్కరు. ఇలాంటి ప్రతి సందర్భంలోనూ తమరికి చేసిన వైద్యం ఒకటే, మోతాదు పెంచడం. 2020లో ఒకరికి బదులు బయటి జట్ల నుంచి ఇద్దరిని పిలవాలన్నారు, 2022లో మహిళలను కూడా లెక్కలో చేర్చారు. సంతోషం. ఉత్త చేతులతో తిరిగి వెళ్లేవారిలో మాకూ సమాన వాటా దక్కింది.

మా దగ్గర తమరి కంటే గట్టి చుట్టం ఒకరున్నారు, పంచాయతీ రిజర్వేషన్. తెలంగాణ సర్పంచి పదవుల్లో సగం మహిళలవి. సంతకం ఆమెది, పెత్తనం ఆయనది అయిన ఊళ్లకు మా వైపు కొదవ లేదు. కానీ పదవి ఆమె పేరున ఉన్నది కాబట్టి, ఆమె ఎదురు తిరిగిన రోజున ఆయన చేతిలో చెక్కు పుస్తకం ఉన్నా ఆమె సంతకం లేనిదే అది చెల్లదు. తమరు నాకు ఇచ్చినదాంట్లో ఎదురు తిరగడానికి ఏమైనా మిగిల్చారా?

అర్హులైన మహిళలు దొరకడం లేదండీ అని మన క్రీడా పెద్దలు నిట్టూరుస్తుంటారు. 2018 జకార్తా ఆసియా క్రీడల మహిళల కబడ్డీ ఫైనల్లో ఇరాన్ 27-24తో మనల్ని ఓడించి స్వర్ణం పట్టుకుపోయింది. ఆ ఇరాన్ జట్టును తీర్చిదిద్దిన కోచ్ నాసిక్‌కు చెందిన శైలజా జైన్. ఇరాన్‌కు దొరికారు. ఇక 2023లో క్రికెట్‌లో మహిళల ప్రీమియర్ లీగ్ మొదలైనప్పుడు 5 జట్లలో మహిళా ప్రధాన కోచ్‌లు ఇద్దరు, ఆ ఇద్దరూ విదేశీయులే. మహిళల ఆటలోనే మన మహిళ పరిస్థితి అది.

ఇక తమరూ గిమరూ నా వల్ల కాదు. నువ్వు లెక్కపెట్టేది ఎందరిని పిలిచారన్నదే. ఎప్పుడు తేల్చుకున్నారని అడగవు, ఏం అడిగారని అడగవు, ఎందుకు వద్దన్నారని అడగవు. నవ్వమని తీసిన నా ఫొటో ఈపాటికి స్పాన్సర్ నివేదికలో ఎక్కి ఉంటుంది, మహిళలకు మేమెంత పెద్దపీట వేశామో చూడండని. పోయింది నా మధ్యాహ్నం, నా జీతంలో కోత, నా రైలు టికెట్. పేరు వచ్చింది వాళ్లకు. నువ్వు లేకపోతే వాళ్లు నన్ను కాదన్నారని అయినా నలుగురికీ తెలిసేది. నీ పుణ్యమా అని ఇప్పుడు నేను "పోటీలో ఓడిన అభ్యర్థిని" అయ్యాను. ఏ పోటీ?

అయినా నిన్ను ఎత్తేయాలనే వాళ్ల పక్కన నేను నిలబడను. నీకు పేరిచ్చిన రూనీల జట్టు స్టీలర్సే 2007లో 34 ఏళ్ల నల్లజాతి కోచ్ మైక్ టామ్లిన్‌ను పిలిచి, కూర్చోబెట్టి, చెప్పింది విని, కోచ్‌ను చేసింది. 2009లో అతని చేతికి ఆ లీగు ఛాంపియన్‌షిప్ సూపర్ బౌల్ వచ్చింది. వినాలన్న మనసు ఉన్నచోట నువ్వు పనికి వస్తావు. నీలాంటిది లేనన్నాళ్లు నాకు ఆ ఫోన్ కూడా రాలేదు, ఆ మాట దాచను.

కాబట్టి నీకు చేతనైతే నాలుగు గోడల మధ్య ఈ తంతు మాన్పించు. ఇంటర్వ్యూలు అయ్యాక మాత్రమే ఒప్పందం రాయాలను, వద్దన్నవారికి ఎందుకు వద్దన్నారో కాగితం మీద ఇమ్మను. అన్నిటికంటే ముందు, అభ్యర్థులందరికీ ఒకే జట్టును ఒక పూట అప్పజెప్పి, ఎవరు ఏం నేర్పారో కళ్లారా చూసి తేల్చమను. దానికి వాళ్లు హాలు వెతుక్కోవలసిన పని కూడా లేదు. పొద్దున ఐదున్నరకల్లా మా పిల్లలు జేఎన్ఎస్‌కు వచ్చి వార్మప్ మొదలుపెడతారు. ఏ రోజైనా సరే, పొగలోంచి నడిచొచ్చిన ఆయన్ను అక్కడికి పంపమను.

ఇట్లు,
హనుమకొండ కబడ్డీ కోచ్