‘ఏ మరకైనా 5 నిమిషాల్లో మాయం’ అంటున్న ఆ ఫార్వర్డ్ సంగతి చూద్దాం

ఫ్యామిలీ గ్రూపుల్లో తెగ తిరుగుతున్న మెసేజ్ ఇది, మీకూ వచ్చే ఉంటుంది. సారాంశం ఇదీ: “రెగ్జిన్ సోఫా, పిల్లల మెత్తటి బొమ్మలు, స్కూల్ బ్యాగు, జిమ్ బట్టలు, దేనిమీదైనా సరే ఎంత పాత మరకైనా 5 నిమిషాల్లో మాయం. ముందు నెయిల్ పాలిష్ రిమూవర్‌తో తుడవండి. పోకపోతే బ్లీచ్‌లో వెనిగర్ కలిపి రాయండి. మొండి మరకైతే టూత్‌పేస్ట్‌తో రుద్దండి. పసుపు మరకకు మరిగే నీళ్లు, సబ్బు. అన్నీ ఇంట్లో ఉండేవే, పూర్తిగా సురక్షితం, షాపు కెమికల్స్ కొనక్కర్లేదు.” చివర్లో మామూలే, పదిమందికి పంపండి అని.

పంపేముందు ఇది చదవండి.

అసలు “దేనిమీదైనా” అన్న చోటే తేడా కొట్టింది. రెగ్జిన్ అంటే గుడ్డమీద పీవీసీ పూత. పీవీసీ సహజంగా గట్టిది, మన ఇంటి నీళ్ల పైపులు దానితోనే చేస్తారు. దాన్ని సోఫాకో బొమ్మకో పనికొచ్చేలా మెత్తగా చేయడానికి ప్లాస్టిసైజర్ అనే నూనెలాంటి ద్రవం కలుపుతారు, కొంచెం కాదు, బరువులో మూడో వంతు దాకా ఉండొచ్చు. ఇప్పుడొచ్చే ‘లెదర్ లుక్’ సోఫాలు చాలావరకు పీయూ, అంటే పాలీయురేథేన్, అది వేరే ప్లాస్టిక్. జిమ్ బట్టలు పాలిస్టరో నైలానో, సాగడానికి అందులో కొంత స్పాండెక్స్. వీటన్నిటికీ ఒకే మందు అంటే నమ్మేదెలా?

బాల్‌పెన్ ఇంకు నూనెలాంటి ద్రావకాల్లో కరిగిన రంగు. మెత్తటి పీవీసీలో ఉన్నది కూడా నూనెలాంటి ద్రవమే కాబట్టి ఆ రంగు పైన కూర్చోదు, మెల్లగా లోపలికి దిగుతుంది. గీసిన పది నిమిషాలకి తుడిస్తే చాలావరకు వచ్చేస్తుంది, అదే గీత నెల తర్వాత ఎంత తుడిచినా రాదు, ఎందుకంటే అప్పటికి అది సోఫా మీద లేదు, సోఫా లోపల ఉంది. తెల్ల కారు సీట్లకి జీన్స్ నీలం అంటుకుని వదలకపోవడమూ ఇదే. ఆవకాయ పెట్టిన ప్లాస్టిక్ డబ్బా ఎన్నిసార్లు తోమినా ఎర్రగానే ఉండటమూ ఇంచుమించు ఇలాంటిదే. కాబట్టి పాత మరక 5 నిమిషాల్లో పోవడం అనేది రెగ్జిన్ విషయంలో జరిగే పని కాదు.

నెయిల్ పాలిష్ రిమూవర్‌తో పోతుంది కదా, మేం చూశాం అంటారా? ఏం పోయిందో దూదిని చూడండి. పెన్ను నీలం కొంచెం, దానితోపాటు రెగ్జిన్ సొంత గోధుమ రంగు బోలెడు. తుడిచిన చోట మెరుపు పోయి మసకగా అవుతుంది, వేలు పెడితే కాసేపు జిగురుగా తగులుతుంది. రిమూవర్‌లో ఉండే అసిటోన్ పీవీసీని ఉబ్బించి, లోపలి ప్లాస్టిసైజర్‌ని కూడా లాగేస్తుంది. అది పోయాక ఆ చోటు గట్టిపడి, మనిషి కూర్చుని లేచే కొద్దీ మడతల దగ్గర పగులుతుంది. ‘అసిటోన్ లేదు’ అని రాసిన సీసాల్లో చాలావరకు ఈథైల్ అసిటేట్ ఉంటుంది, పీవీసీ జోలికి అదీ వస్తుంది. పాలిస్టర్ చీరని అసిటోన్ కరిగించదు, ఆ మాట నిజమే, కానీ దానిమీద అతికించిన రాళ్ల జిగురుకి, కొన్ని రకాల ప్లాస్టిక్ చమ్కీలకి ఆ గ్యారంటీ లేదు. అసిటేట్ అనే సిల్కులాంటి గుడ్డ ఉంటుంది, కోట్ల లైనింగుల్లో వాడతారు, అదైతే నేరుగా కరిగి చిల్లు పడుతుంది.

ఇంకోటి, అసిటోన్ ఆవిరికి నిప్పంటుకోవడానికి మండుటెండ కూడా అక్కర్లేదు, సున్నాకి దాదాపు 20 డిగ్రీల దిగువన కూడా అంటుకుంటుంది. సోఫా అంతా తుడుస్తూ పక్కన దీపమో అగరుబత్తో వెలుగుతుంటే ఏమవుతుందో వేరే చెప్పాలా?

ఇక బ్లీచ్‌లో వెనిగర్. నాకు నిజంగా టెన్షన్ పుట్టించింది ఈ ఒక్క లైనే. బ్లీచ్ అంటే సోడియం హైపోక్లోరైట్. దానికి ఏ పులుపు తగిలినా, అంటే ఏ యాసిడ్ తగిలినా, క్లోరిన్ వాయువు వస్తుంది. వెనిగర్ అయినా నిమ్మరసం అయినా అంతే. టాయిలెట్ క్లీనర్లలో, బాత్రూమ్ కడిగే యాసిడ్‌లో హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఉంటుంది, వాటితో కలిస్తే ఇంకా జోరుగా వస్తుంది. బ్లీచింగ్ పౌడర్‌దీ ఇదే కథ. క్లోరిన్ గాలికంటే బరువైనది, కింద పేరుకుంటుంది, నేలమీద పాకే పిల్లలకి ముందు తగులుతుంది. కళ్లు మండటం, దగ్గు, ఛాతీ పట్టేయడం, ఎక్కువైతే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరడం దాకా వెళ్తుంది. ఎవరైనా ఇప్పటికే కలిపేసి ఘాటు వాసన వస్తుంటే, దాన్ని సరిచేద్దామని అందులో ఇంకోటి పోయకండి. ముందు అందరూ బయటి గాలిలోకి వచ్చేయండి. దగ్గు, ఆయాసం తగ్గకపోతే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి. “నేను చేశా, నాకేం కాలేదు” అనేవాళ్లు ప్రతి గ్రూపులో ఒకరుంటారు, బహుశా చెంచాడు బ్లీచ్‌ని బకెట్ నీళ్లలో కలిపి ఉంటారు, లేదా కిటికీ తెరిచి ఉండి ఉంటుంది.

పోనీ ఇంత ప్రమాదం చేసి సాధించేదేమైనా ఉందా అంటే, అదీ లేదు. బ్లీచ్ నీళ్లలో ఉంటుంది, నీళ్లు పీవీసీ లోపలికి దిగవు, లోపల ఉన్న ఇంకు దగ్గరికి అది చేరనే చేరదు. జిమ్ బట్టలకి రాస్తే నైలాన్ పసుపెక్కుతుంది, స్పాండెక్స్ సాగుడు పోయి వేలాడుతుంది. బట్ట లోపల ఉండే లేబుల్ మీద త్రిభుజానికి ఇంటూ మార్కు ఉంటే బ్లీచ్ వద్దని అర్థం, ఆ చిన్న బొమ్మని మనం ఎవరం చూడం.

టూత్‌పేస్ట్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. అందులో ఉన్నది సన్నటి రాపిడి పొడి, మెత్తటి ప్లాస్టిక్ మీద అది చేసేది గీతలు పెట్టడమే, ఆ గీతల్లో తర్వాత మురికి చేరుతుంది.

పసుపు మాట మాత్రం కాస్త చెప్పాలి, మన ఇళ్లల్లో పెన్ను మరకలకంటే ఇవే ఎక్కువ కదా. పసుపులోని కర్కుమిన్ నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. సబ్బు క్షారం కాబట్టి తగలగానే మరక ఎర్రగా మారుతుంది, అది చూసి చాలామంది కంగారుపడి మరుగు నీళ్లు పోస్తారు. సరిగ్గా అదే చేయకూడదు. పాలిస్టర్‌కి ఫ్యాక్టరీలో రంగు ఎక్కించేదే బాగా వేడిమీద, ఆ వేడికి దారం వదులై రంగుని లోపలికి తీసుకుంటుంది. మరుగు నీళ్లు పోసి, పైన ఇస్త్రీ కూడా చేశారంటే పసుపుతో మీరే అద్దకం వేసినట్టు. మామూలు నీళ్లు, డిటర్జెంట్, ఆ తర్వాత ఎండ. కర్కుమిన్‌కి ఎండ పడదు, రెండు మూడు ఎండలకి వెలిసిపోతుంది. రంగు బట్టైతే ఎక్కువసేపు వదిలేయకండి, దాని రంగూ వెలుస్తుంది. మరక పూర్తిగా పోయేదాకా ఇస్త్రీ పెట్టె ముట్టుకోవద్దు.

“ఇంట్లో ఉండేవే కాబట్టి సురక్షితం” అన్న లాజిక్ ఏంటో నాకర్థం కాదు. యాసిడ్ కూడా ఇంట్లో ఉండేదే. ఈ మెసేజ్‌కి ఇంకో వెర్షన్‌లో పెట్రోల్‌తో రుద్దమని కూడా ఉంది. సింథటిక్ గుడ్డని రుద్దితే స్టాటిక్ కరెంట్ పుడుతుంది, చలికాలం స్వెటర్ విప్పేటప్పుడు చిటపటమనేది అదే, పెట్రోల్ ఆవిరికి ఆ చిన్న నిప్పురవ్వ చాలు. డ్రైక్లీనింగ్ షాపుల్లో ‘పెట్రోల్ వాష్’ అంటారు కదా అని అడగొచ్చు. వాళ్లు వాడేది బండిలో పోసే పెట్రోల్ కాదు, అంత తేలిగ్గా అంటుకోని మరో పెట్రోలియం ద్రావకం, అదీ దానికోసం ఉన్న మెషీన్లో.

బొమ్మల సంగతికొస్తే, కామెంట్లలో ఎవరో మొటిమల క్రీమ్ రాయమన్నారు, అందరూ నవ్వారు గానీ అది నిజానికి పనిచేసే చిట్కా. అలాంటి క్రీముల్లో వాడే బెంజాయిల్ పెరాక్సైడ్ ఉన్న జెల్ మెత్తటి వినైల్‌లోకి, అంటే బొమ్మల పీవీసీలోకి దిగి, అక్కడున్న ఇంకు రంగుని ఆక్సీకరణం చేసి వెలిసేలా చేస్తుంది. పాత బొమ్మలు సేకరించేవాళ్లు ఎప్పట్నుంచో వాడుతున్నారు. కానీ నిమిషాల్లో కాదు, రోజులు పడుతుంది, ఒక్కోసారి మరకతోపాటు బొమ్మ చర్మం రంగూ తెల్లబడుతుంది, గీసిన కళ్లు పెదాలకి తగిలితే అవీ పోతాయి. దాన్ని ఎండలోనో వేడిగానో ఉంచడం నాకిష్టం లేదు, వేడికి బెంజాయిల్ పెరాక్సైడ్ విరిగి కొద్దిగా బెంజీన్ తయారవుతుంది, అది క్యాన్సర్ కారకం. 2025లో అమెరికా ఎఫ్‌డీఏ (అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ) ఇలాంటి 95 ఉత్పత్తుల్ని పరీక్షిస్తే ఎక్కువ వాటిలో బెంజీన్ లేదు లేదా అతి తక్కువగా ఉంది, కొన్నిటిని మాత్రం కంపెనీలు మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నాయి. బొమ్మ నోట్లో పెట్టుకునే వయసు పిల్లలదైతే నేనైతే ఆ మరకతోనే వదిలేస్తాను.

ఇక షాపు కెమికల్స్ అక్కర్లేదన్న మాట. మరకలు తీసే పొడులు, ద్రవాల్లో చాలావరకు ఉండేది మూడే: జిడ్డుని పట్టి నీళ్లలోకి లాగే సర్ఫ్యాక్టెంట్లు, రక్తం, పాలు, నూనె లాంటివాటిని ముక్కలు చేసే ఎంజైములు, రంగుని వెలిసేలా చేసే ఆక్సిజన్ బ్లీచ్ (పైన చెప్పిన హైపోక్లోరైట్ బ్లీచ్ కాదు, వేరే రకం). పాలిస్టర్‌కి జిడ్డంటే మహా ప్రీతి, కాబట్టి నూనె మరకకి సర్ఫ్యాక్టెంట్ పనిచేసినట్టు వెనిగర్ పనిచేయదు. ఎంజైములు ఇంకుని ఏమీ చేయలేవు. పట్టుకి, ఉన్నికి ఎంజైమ్ పొడులు వాడొద్దు, అవి ఆ దారాన్నే తింటాయి.

రెగ్జిన్ మీద ఇప్పుడే పడిన పెన్ను గీతకైతే దూదిమీద కొంచెం శానిటైజర్ లేదా స్పిరిట్ వేసి, ముందు సీటు కింద కనపడని చోట చూసుకుని, రుద్దకుండా అద్ది తీయండి, వెంటనే తడి గుడ్డతో తుడిచేయండి. పీయూ అయితే ఇదీ పదేపదే వద్దు, పై పూత లేస్తుంది. గీత పడి నెలలైతే సీసాలు కొనడం మానేసి సోఫా రిపేరు చేసేవాళ్లని అడగండి, అదే రంగు రెగ్జిన్ దొరికితే ఆ ఒక్క ముక్క విప్పి కొత్తది కుట్టేస్తారు.