టారిన్ డబ్బా గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ టారిన్ డబ్బా గారికి,

ఉభయకుశలోపరి. మన ఒంట్లో సహజంగానే ఉండే టారిన్ అనే అమైనో ఆమ్లాన్ని గుళికలుగా మోసే మీ ఒంటి మీద "వయసుకు కళ్లెం" అన్న అక్షరాలు ఇంకా వెలిసిపోలేదు. వెలిసింది మీ తరఫు సాక్ష్యమే.

2023 జూన్‌లో 'సైన్స్' పత్రికతో మీ దశ తిరిగింది. నడివయసు ఎలుకలకు రోజూ కిలో బరువుకు 1000 మిల్లీగ్రాముల టారిన్ ఇస్తే 10–12 శాతం ఎక్కువ కాలం బతికాయి. ఎలుకల మటుకు గొప్ప సంగతే, కాదనం. ఎలుక మోతాదును మనిషికి మార్చేటప్పుడు 12.3తో భాగిస్తారు. ఆ లెక్కన 60 కిలోల తాతగారికి రోజుకు దాదాపు 5 గ్రాములు, అంటే 500 మిల్లీగ్రాముల గుళికలు పది. మీరేమో "రోజుకు ఒకటి చాలు" అంటారు. తాతగారు ఎలుకలో పదోవంతు కూడా కాలేరు, పాపం.

మీ అసలు వాదన వేరే ఉంది: వయసుతో రక్తంలో మీరు తరిగిపోతారని, ఆ లోటు పూడిస్తే ముసలితనం నెమ్మదిస్తుందని. 2025లో అమెరికా జాతీయ వృద్ధాప్య పరిశోధన సంస్థ వాళ్లు అవే మనుషుల రక్తాన్ని ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ కొలిచారు. మీరు తగ్గలేదు, ఉన్నచోటే ఉన్నారు, లేదా పెరిగారు. వయసు తెచ్చే తేడా కన్నా మనిషికీ మనిషికీ ఉన్న తేడానే ఎక్కువట. దీంతో గుళికలు దండగని తేలిపోలేదు గానీ, లేని గుంతను పూడ్చడానికి పార పట్టుకొచ్చారని తేలింది.

పైగా ప్రోటీన్ల నిర్మాణంలో చేరని అమైనో ఆమ్లం మీరు. కండ కట్టే ప్రోటీన్లలో మీ వాటా సున్నా. కండ కట్టే మీ చుట్టం లూసిన్ అనే అమైనో ఆమ్లాన్నే ఆరోగ్యంగా ఉన్న వృద్ధ పురుషులకు భోజనానికి 2.5 గ్రాముల చొప్పున 3 నెలలు ఇచ్చి చూశారు. కండా పెరగలేదు, బలమూ పెరగలేదు. తిండిలో ప్రోటీన్ అప్పటికే సరిపడా ఉన్నవాళ్లు మరి.

మన పెద్దల కంచంలో కొరత అక్కడే. 60 కిలోల మనిషికి రోజుకు 60–72 గ్రాముల ప్రోటీన్ కావాలి. 30 గ్రాముల కందిపప్పులో వచ్చేది 6–7, గుడ్డుకు 6. రాత్రి "తేలిగ్గా" రెండు ఇడ్లీలతో సరిపెడితే లెక్క అక్కడే తప్పుతుంది. గుడ్డో పెరుగో చేపో పూటపూటకీ పంచుకుని, చేతులు ఆన్చకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చుంటే కండకు పని దొరుకుతుంది. ఇందులో మీకు కమీషన్ లేదు, తెలుసు.

ఇట్లు,
లేబుళ్లు చదివేవాళ్లు

తా.క.: కిడ్నీలు దెబ్బతిన్నవారి రక్తంలో మీరు పేరుకుంటారు. బీపీని కాస్త దించుతారు గనుక బీపీ మాత్రలు వాడేవాళ్లు ముందే డాక్టరుకు చెప్పాలి. ఈ రెండు ముక్కలూ మీ ఒంటి మీద ఎక్కడైనా ఉంటే, డబ్బాతో పాటు ఒక భూతద్దం కూడా ఇప్పించండి.