సవరణ: తొలిచూలు, ఇంటి కాన్పు

ఇంగ్లండ్‌లో మిడ్‌వైఫ్ చేతిలో ఇంటి కాన్పుల గురించి మొన్న రాస్తూ, "ఆరోగ్యంగా ఉన్న గర్భిణికి ఇల్లయినా ఆసుపత్రయినా బిడ్డ క్షేమం ఒకటే" అన్నాను. అది తప్పు. రెండో కాన్పు నుంచి మాత్రమే వర్తించే మాటను అందరికీ అంటగట్టాను.

2011లో వెలువడిన అక్కడి జాతీయ అధ్యయనం దాదాపు 64,000 కాన్పులను పరిశీలించింది. తొలిచూలు వారిలో బిడ్డకు తీవ్ర హాని (మరణం ఒక్కటే కాదు, మెదడు దెబ్బతినడం, ఎముక విరగడం వంటివీ ఈ లెక్కలోవే) వైద్యులుండే ప్రసూతి విభాగంలో వెయ్యికి 5.3, ఇంటి కాన్పు ఎంచుకుంటే 9.3. పైగా అలా ఎంచుకున్న తొలిచూలు వారిలో నూటికి 45 మందిని కాన్పు మధ్యలోనో, అయిన వెంటనేనో ఆసుపత్రికి తరలించారు. తర్వాతి కాన్పుల్లో అది 12 మాత్రమే.

పొరపాటు పట్టిచ్చింది అక్కడ ఉంటున్న ఒక తెలుగు గర్భిణి, ఆమెకిది తొలి కాన్పు. నా మాట చెప్పగానే ఆమెను చూసే మిడ్‌వైఫ్, అపాయింట్‌మెంట్ కాగితం వెనక 45 అని రాసి, చుట్టూ సున్నా చుట్టిందట. వద్దని మాత్రం అనలేదట. ఆ మిడ్‌వైఫ్ మీద నమ్మకం పెరిగిందని ఆమె రాసింది. నా మీద సంగతి రాయలేదు.

తెలంగాణలో శిక్షణ పొందిన మిడ్‌వైఫ్‌లు ఆసుపత్రుల్లోనే కాన్పు చేస్తారు. ఈ అంకెలను వారికి ఆపాదించకండి.