నాట్య శిబిరానికి అరువు బొమ్మ ఎందుకు?

వేసవి నాట్య శిబిరాల పోస్టర్లు ఓ పది పక్కపక్కన పెట్టి చూడండి. ఊరు మారుతుంది, కళారూపం మారుతుంది, బొమ్మ మాత్రం మారదు. మోకాళ్లు పక్కలకు వంచి అరమండిలో నిలబడ్డ నర్తకి నల్లటి నీడ, వెనకాల గోపురం, మూలన గజ్జెలు. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే ఆ నర్తకి చాలాసార్లు భరతనాట్యం వేషధారణలో ఉంటుంది, శీర్షికేమో కూచిపూడి అంటుంది. ఫ్లెక్సీ దగ్గరికొచ్చేసరికి అతిథుల ఫొటోలు పైవరుసంతా నిండిపోయి, నేర్పే గురువు పేరు అట్టడుగుకు జారుతుంది.

బెంగళూరు దగ్గర హెసరఘట్టలో ఒడిస్సీ నర్తకి ప్రొతిమా బేడీ 1990లో మొదలుపెట్టిన నాట్య గురుకులం నృత్యగ్రామ్‌ను తలచుకుంటే అక్కడి రాతి, మట్టి కట్టడాలే కళ్లలో మెదులుతాయి. ఆ గురుకులానికి చోటే గుర్తింపు. పది రోజుల కోసం బడి ఆవరణలోనో కమ్యూనిటీ హాల్లోనో నడిచే శిబిరానికి ఆ సౌలభ్యం లేదు. లోగో, రంగులు, అక్షరాలు, పిల్లల మెడలోని బ్యాడ్జీ, ఇవే దాని ముఖం. అలాంటి పనిని ఆఖరి వారంలో డీటీపీ షాపుకు అప్పగించి చేతులు దులుపుకోవడం అన్యాయం. ఆ రూపాన్ని కళలోంచే, కళాకారులతో కలిసి కూర్చునే తీయాలి.

తీయడానికి మన దగ్గర ఏముందని అడిగేవాళ్లు కూచిపూడివారి భామాకలాపం చూడాలి. ఇద్దరు పట్టుకున్న తెర వెనక సత్యభామ నిలబడి ఉంటుంది. ముఖం కనిపించకముందే పొడవాటి జడను తెర మీదుగా ఇవతలికి వేస్తుంది. నాకు సాటి ఎవరన్న సవాలు అది. అడ్డంగా ఒక తెర, దాని మీద నిలువునా ఒక జడ! వాట్సాప్ డీపీ అంత చిన్నగా కుదించినా గుర్తుపట్టొచ్చు. పోస్టరులో తెర ఖాళీ అంతా తేదీలకూ పేర్లకూ సరిపోతుంది. ఎర్రగా ఒకే రంగులో అచ్చువేసినా చెడదు, ఖర్చూ తగ్గుతుంది.

కూచిపూడిలోనే సింహనందిని అనే నృత్యం ఈ ఆలోచనను మరింత ముందుకు తీసుకెళ్తుంది. రంగుపొడి మీద పరిచిన గుడ్డపై, సింహనందన తాళానికి నర్తకి ఆడుతుంటే పాదాల కింద సింహం రూపు కడుతుంది. సి.ఆర్. ఆచార్యులు వంటి గురువులు ఈ చిత్రనాట్యాన్ని నిలబెట్టారు. ఆడటమే గీయడమైన కళ మనకుండగా, శిబిరం లోగో కంప్యూటర్ ముందే పుట్టాలని ఎందుకనుకోవాలి? మొదటిరోజు ముగ్గుపొడి మీద అందరిచేతా తట్టడుగు (నేలను పాదంతో తట్టే తొలి అడుగు) వేయించి, ఆ జాడను ఫొటో తీసి, దాన్నే గుర్తుగా మలచొచ్చు. ఏడేళ్ల పాప అడుగూ, అరవై దాటిన అవ్వ అడుగూ ఒకేలా పడవు. ఆ తేడా బొమ్మలో కనబడాలి. సామూహిక నాట్యం నలుగురిదీ అయినప్పుడు, నేర్పరి నర్తకి నీడ ఒక్కదాన్నే పెట్టి మిగతావాళ్లను పక్కకు నెట్టడం నాకు నచ్చదు.

ఇక అక్షరాలు. డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో భారతీయ లిపుల అమరిక ఎంచుకోకపోతే ‘నృత్యం’లో యవత్తు విడిపోయి, తకారం పొల్లుగా మిగిలిపోతుంది. ఇంగ్లీషు లెక్కన వరుసల మధ్య ఎడం తగ్గిస్తే పై వరుస వత్తులు కింది వరుస గుడులను గుద్దుకుంటాయి. తెలుగు చదవగలిగిన మనిషి ఒక్కసారి చూసినా దొరికిపోయే తప్పులివి. మంచి ఫాంట్లు లేవనే సాకు కూడా చెల్లదు. కూచిపూడి సమ్మేళనాలు నిర్వహించిన ప్రవాస తెలుగు సంస్థ సిలికానాంధ్రే మండలి, రామభద్ర వంటి యూనికోడ్ ఫాంట్లను ఉచితంగా అందుబాటులోకి తెచ్చింది.

అయితే కంటికి ఇంపైన ప్రతిదీ లోగోకు పనికిరాదు. ఆదిలాబాద్ రాజ్‌గోండుల గుస్సాడీ నృత్యంలో నెమలి పింఛాల టోపీ ఎంత గంభీరంగా ఉంటుందో! కానీ అది వాళ్లు పూజించే వస్తువు, దీక్షతో ధరించేది. దాన్ని గుండ్రంగా కుదించి టీషర్టు మీద వేసే ముందు గూడెం పెద్దలను అడగాలి. వద్దంటే మానుకోవాలి. కథలను పటాల మీద చిత్రించే చేర్యాల నకాషీ బొమ్మల విషయంలో చిక్కు వేరు. ఆ ఎర్రటి నేపథ్యాన్నీ, ఆ కళ్లనూ ఎవరో కంప్యూటర్‌లో అనుకరిస్తే, పటం రాసే కుటుంబానికి దక్కేదేమీ లేదు. ఆ శైలి కావాలంటే ఆ చిత్రకారుడికే పని చెప్పాలి, పోస్టరు మీద పేరు వేయాలి, డబ్బివ్వాలి.

అందుకే శిబిరాలకు నిధులిచ్చే సాంస్కృతిక శాఖలనూ, ప్రవాస తెలుగు సంఘాలనూ నేను అడిగేది ఇది. డిజైన్ ఖర్చును బడ్జెట్‌లో మొదటే చూపించండి. డిజైనర్ రెండు మూడు రోజులైనా శిబిరంలో ఉండాలని షరతు పెట్టండి. శిబిరం ముగిశాక లోగో ఫైళ్లూ, వాటిని వాడుకునే హక్కూ స్థానిక బృందానికి రాసివ్వండి. వచ్చే ఏడాది ఆ పిల్లలు పక్క జిల్లాలో ప్రదర్శనకు వెళ్తే, బ్యానర్ కోసం వాళ్లు ఎవరినీ బతిమాలుకోవాల్సిన పని ఉండకూడదు.