తలుపుమూల దుడ్డుకర్రగారికి విన్నపం

మహారాజశ్రీ దుడ్డుకర్రగారి దివ్యసముఖమునకు,

ఒడిశాలోని పర్లాకిమిడి చుట్టుపక్కల, మహేంద్రతనయ నది గట్టు వెంట, రాత్రిపూట బేటరీ లైటుతో పాములను చూస్తూ తిరిగేవాడొకడు నమస్కరించి వ్రాయునది.

తొలకరి పడి కప్పలు అరవడం మొదలైన దగ్గర్నుంచి మాకు పని ఎక్కువైంది. తమరికి అంతకన్నా ఎక్కువైంది. మేము రాతికుప్పలూ, పొలం గట్లూ, కల్వర్టులూ వెతికి, కనబడినదానికి ఎడంగా నిలబడి, ఏ జాతిదో పోల్చుకుని, పుస్తకంలో రాసుకుని ఇంటికి వస్తాము. తమరికి పోల్చుకోవడంతో నిమిత్తం లేదు. మూలనుంచి లేచి ఒక్క దెబ్బతో తేల్చేస్తారు. ఆ తరువాత అది కట్లపామేనని వీధంతా తమరి తరఫున సాక్ష్యం చెబుతుంది. పక్కింటి ఒడియావారు కట్లపాముకు తమ భాషలో ఉన్న పేరుతో ‘చితి, చితి’ అని వంత పాడతారు. మా ఊళ్లో రెండు భాషలవారికీ ఇంత త్వరగా ఏకాభిప్రాయం కుదిరే విషయం మరొకటి లేదు.

మొన్న తమరు తీర్పు చెప్పిన పామును పెంటకుప్ప పక్కన చూసే భాగ్యం కలిగింది. తలను ఆనవాలు లేకుండా చేయడం తమరి అలవాటు గనుక, తోక దగ్గర్నుంచి చదువుకుంటూ పోవలసి వచ్చింది. తెల్లని పట్టీలు మెడవైపు స్పష్టంగా ఉండి, తోకవైపు పోనుపోను వెలిసిపోయాయి. కట్లపాముకైతే మెడ దాటి కొంత దూరం పోయాకగానీ పట్టీలు మొదలు కావు, తోకవైపే అవి తేటగా, తరచు జంటలుగా కనబడతాయి. వెన్ను పొడవునా ఆరు పలకల పెద్ద పొలుసుల వరుస కూడా ఉంటుంది. ఇక్కడ ఆ వరుస లేదు. అది విషం లేని వుల్ఫ్ స్నేక్, బల్లుల కోసం గోడలెక్కే జాతి. పాము చావకూడదు, కర్ర విరగకూడదు అన్న పెద్దల మాటలో తమరు రెండో సగాన్ని మాత్రం నిష్ఠగా పాటిస్తున్నారు.

జెర్రిపోతుల సంగతి మరీ అన్యాయం. రెండు మగ జెర్రిపోతులు బలం తేల్చుకోవడానికి మెలివేసుకుని లేస్తే, జెర్రిపోతు నాగుపాముతో జతకట్టిందని ఊరు గుమిగూడుతుంది, తమరు బయలుదేరుతారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఆ హత్య నేరమే. అయితే బోనెక్కవలసింది తమరు కాదు, తమరిని పట్టుకున్న చేయి. తమరి ధైర్యానికి కారణం అదే కావచ్చు.

ఒకప్పుడు, ఇక్కడికి ఎంతో దూరం లేని విశాఖపట్నంలో, పాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు పాముల పొట్టకింది పొలుసులనూ తోక పొలుసులనూ విడివిడిగా లెక్కపెట్టి, బొమ్మలు గీయించి, 1796లో లండన్‌లో గ్రంథంగా అచ్చు వేయించాడు. రక్తపింజరకు మనవాళ్ల పేరు ‘కాటుక రేకుల పొడ’ అని కూడా అందులో నమోదు చేశాడు. ఆయన తమరిలాగే తొందరపడి ఉంటే ఆ పాముకు ఈనాడు ఆయన పేరు ఉండేది కాదు.

ఒక మాట ఒప్పుకోవాలి. చూడటానికి వచ్చామంటూ నాగుపాము తోక పట్టుకుని సెల్‌ఫోనులో వీడియో తీయించుకునే మా కుర్రవాళ్లకన్నా తమరే నయం. తమరు కనీసం పాము ప్రేమికులమని చెప్పుకోరు.

భయం ఉత్తదని కూడా నేననను. పాముకాటును విపత్తుల జాబితాలో చేర్చిన రాష్ట్రం మనది. నేలమీద పడుకున్నవారిని కట్లపాము నిద్రలోనే కాటేస్తుంది. పెద్దగా నొప్పి తెలియదు, గాటు కూడా సరిగా కనబడదు, తెల్లవారేసరికి కనురెప్పలు వాలిపోతాయి. ఆ సమయంలో తమరు తలుపుమూలన నిద్రపోతూ ఉంటారు. అప్పుడు కాపాడగలిగేది అంచులు పరుపు కిందికి దోపిన దోమతెర.

కాబట్టి ఈ వానకాలం ముగిసేవరకు తమరిని తలుపుమూల నుంచి మా నాయనమ్మ పక్క దగ్గరికి, దోమతెర కట్టే పనిమీద, బదిలీ చేయించాను. అంచులు దోపే బాధ్యత మాది. నాలుగు మూలలకు నాలుగు కర్రలు కావాలి. మిగిలిన ముగ్గురినీ పక్కిళ్ల తలుపుమూలల నుంచి రప్పిస్తున్నాము.

ఇట్లు,
బేటరీ లైటువాడు