మహారాజశ్రీ మంకీ టోపీ గారికి

శ్రీకాకుళం,
ధనుర్మాసం, తెల్లవారుజాము.

అయ్యా,

ఉభయకుశలోపరి. మీరెక్కడున్నారని అడగక్కర్లేదు, నా తల మీదే ఉన్నారు. నేను క్షేమమేనా అని మీరు అడిగినా నాకు వినపడదు, నా చెవుల మీద కూడా మీరే ఉన్నారు. అందుకే ఈ ఉత్తరం.

డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర రోడ్డు పక్కన స్వెట్టర్లు పరుచుకుని అమ్మే అతను మిమ్మల్ని 180 రూపాయలు చెప్పాడు. మా ఆవిడ 120కి దించింది. మెడ దాకా దిగే కాఫీ రంగు ఊలు, కళ్ళకీ ముక్కుకీ కలిపి ఒకటే కిటికీ, నెత్తిన నిమ్మకాయంత ఊలు బంతి. ఆ బంతి ఎందుకని అడిగాను. అది ఫ్రీ అన్నాడు. పక్కనే ఉన్న పొందూరులో ఈకంత తేలికైన ఖద్దరు నేస్తారని ఊరూరా గొప్పలు చెప్పుకునే నేను, నెత్తికి మాత్రం ఈ గుచ్చుకునే ఊలు సంచీ తగిలించుకుని ఇంటికొచ్చాను.

మీరు ఏ రోజు డ్యూటీ ఎక్కాలో చెప్పేది వాతావరణ శాఖ కాదు, మా ఇంటి కొబ్బరి నూనె సీసా. 24 డిగ్రీల కిందకి కాస్త దిగితే చాలు, కొబ్బరి నూనె పేరుకోవడం మొదలుపెడుతుంది. మా ఆవిడ పొద్దున్నే సీసా తలకిందులు చేసి చూస్తుంది. నూనె జారకపోతే తీర్పు వచ్చేసినట్టే. "ఏవండీ, నూనె పేరుకుంది, టోపీ పెట్టుకుని వెళ్ళండి" అంటుంది. 24 డిగ్రీలంటే ఉన్నవాళ్ళు డబ్బులిచ్చి ఏసీలో పెట్టుకునే చల్లదనం కదే అని ఒకసారి చెప్పి చూశాను. "వాళ్ళు ఏసీలో సైకిలు తొక్కుతారేటి?" అంది. దానికి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

మా ఆవిడ మాటలో నిజం ఉందండీ. అరుగు మీద కూర్చున్నవాడి దగ్గరికి చలే వస్తుంది. సైకిలు తొక్కేవాడు చలి ఇంటికి తానే వెళ్ళి తలుపు కొడతాడు. ఆకు కదలని రోజున కూడా గంటకి 15 కిలోమీటర్ల గాలిని వాడే పుట్టించుకుని, వాడే తింటాడు. షుగరు డాక్టరు సైకిలు తొక్కమన్నాడు గానీ ఈ సంగతి చీటీలో రాయలేదు.

కెనడాలో ఉన్న మేనల్లుడికి ఫోనులో ఇదే చెప్పుకుని ఏడిచాను. వాడు అక్కడ మైనస్ ఇరవైలో, టైర్లకి ఇనప మేకులు దిగ్గొట్టిన సైకిలు మీద ఆఫీసుకి పోతాడు. "అక్కడ ఎంతుంది మావయ్యా?" అన్నాడు. 16 అన్నాను. అటు నుంచి చాలాసేపు మాట రాలేదు, సిగ్నల్ పోయిందనుకున్నాను. నవ్వుతున్నాడట. గాలి వల్ల చలి ఎంత పెరిగినట్టు అనిపిస్తుందో లెక్కగట్టే సూత్రం ఒకటి వాళ్ళకుందిట, అది 10 డిగ్రీలూ అంతకంటే తక్కువా ఉంటేనే పనిచేస్తుందిట. అంటే మన చలికి అసలు గుర్తింపే లేదు. సరే, గుర్తింపు లేని చలికి నా ముక్కెందుకు కారుతోందో ఆ సూత్రం రాసినవాళ్ళే చెప్పాలి.

ముక్కు మాటెత్తాను కాబట్టి అసలు ఫిర్యాదుకి వస్తాను. తెల్లారి అయిదున్నరకి సైకిలు స్టాండు తీస్తే, రాత్రంతా మంచు తాగిన సీటు ఆ తాగిందంతా నా పంట్లానికి బదిలీ చేస్తుంది. హేండిల్ మీద చెయ్యి వేస్తే ఐసు పెట్టెలోంచి తీసిన చేపని పట్టుకున్నట్టే. రిమ్ములు తడిసి ఉంటాయి కనక బ్రేకు నొక్కినా సైకిలు తీరిగ్గా ఆలోచించుకుని ఆగుతుంది. ఇంతలో ముక్కు కారడం మొదలవుతుంది. తుడుచుకోవాలంటే ఒక చెయ్యి వదలాలి. వదిలితే సైకిలు కాలవ వైపు చూస్తుంది. పోనీ పీల్చుకుందామంటే ముక్కు కింద మీ ఊలు అంచు అడ్డం. కారినదంతా మీలోకే ఇంకి, మలుపు తిరిగేసరికి చల్లబడి మళ్ళీ నాకే అంటుకుంటుంది. ఈ విషయం ఇంతకంటే వివరంగా రాయడం మర్యాద కాదు.

కళ్ళజోడు సంగతి వేరే చెప్పాలి. రాత్రి మబ్బు లేకపోతే నేల తొందరగా చల్లారిపోయి, ఏటి మీది తేమంతా తెల్లారేసరికి మంచై నిలబడుతుంది. నాగావళి వంతెన ఎక్కితే ముందు చక్రం కనపడుతుంది గానీ అది వెళ్ళే చోటు కనపడదు. అది దేవుడి మంచు, దాన్ని నేనేమీ అనను. కానీ మీరు నా నోటి దారి మూసేసి, నా ఊపిరినంతా పైకి తోలి, అద్దాల మీద సొంతంగా ఇంకో మంచు తయారు చేస్తారు చూడండి, అదీ నా బాధ. వెనకాల ఆర్టీసీ బస్సు హారన్ కొడితే, దూరంగా ఎక్కడో దూడ అరుస్తోందనుకుని జాలి పడ్డాను. డ్రైవరు పక్కకొచ్చి చెప్పిన నాలుగు మాటలు కూడా వినపడలేదు. అదొక్కటీ మీ పుణ్యం.

మా వీధి కుక్క నా చేతి బిస్కెట్లు తిని పెరిగింది. మీరు నెత్తికెక్కిన మొదటి రోజు అది నన్ను ఏడు రోడ్ల జంక్షన్ దాకా తరిమింది. ఆ రోజు డాక్టరు చెప్పిన దానికంటే రెండింతలు వ్యాయామం అయింది.

అరసవల్లి వెళ్ళే దారిలో టీ కొట్టు దగ్గర ఆగుతాను. అక్కడ కూరలు దించుకునే ఒక మామ్మ ఉంటుంది. నెత్తిన టోపీ లేదు, ఒంటి మీద స్వెట్టరు లేదు. అడ్డపొగ తాగుతుంది, అంటే చుట్ట వెలిగించి నిప్పున్న కొసే నోట్లో పెట్టుకుంటుంది. నన్ను ఎగాదిగా చూసి "ఏటి బాబూ, ఒంట్లో బాగోలేదా?" అంది. అంగిలికి క్యాన్సర్ వస్తుందని డాక్టర్లు మొత్తుకుంటారని చెప్పబోయాను. మీ ఊలులోంచి "మ్మ్ మ్మ్" అని మాత్రమే బయటికొచ్చింది. పాపం అనుకుని నా టీ డబ్బులు కూడా తనే ఇచ్చేసింది.

అక్కడి నుంచి గుడి రెండు అడుగులే. సాక్షాత్తూ సూర్యనారాయణ స్వామి కాపురమున్న ఊళ్ళో చలి ఏమిటో నాకు ఎప్పుడూ అర్థం కాదు. స్వామి పాదాల మీద కిరణాలు పడేది కూడా మార్చిలో, అక్టోబరులో. సరిగ్గా నాకు అవసరమైన నెలల్లో ఆయనా సెలవే. పుష్యమాసాన పూస గుచ్చ పొద్దుండదని పెద్దలు ఊరికే అనలేదు.

ఇంతకీ ఈ ఉత్తరం ఇవాళే ఎందుకు రాయాల్సి వచ్చిందంటే, మొన్న బుధవారం జరిగిన సంగతి మీకూ తెలుసు, మీరూ అందులో ముద్దాయే. అద్దాలు మసకబారి, పక్క వీధిలో ఒక ఇంటి ముందు ఇరవై ఒక్క చుక్కల ముగ్గు మీంచి సైకిలు పోనిచ్చేశాం. మధ్యలో గొబ్బెమ్మ, దాని మీద గుమ్మడి పువ్వు. ముందు చక్రం ముగ్గుని, వెనక చక్రం గొబ్బెమ్మని చూసుకున్నాయి. వెనక నుంచి వినపడిన తిట్లు మాత్రం మీలోంచి కూడా చక్కగా దూరాయి. ఆ గొంతు మా వియ్యపురాలిది. అమ్మాయిని అంత దగ్గర్లో ఇచ్చినందుకు మొదటిసారి బాధపడ్డాను. ముఖం కనపడలేదన్న ధైర్యంతో వెనక్కి తిరక్కుండా తొక్కేశాను. ఆ క్షణంలో మిమ్మల్ని మించిన ఆప్తుడు లేడనిపించింది.

నిన్న సాయంత్రం ఆవిడ నా దగ్గరే మొరపెట్టుకున్నారు. "అన్నయ్య గారూ, ఎవడో మంకీ టోపీ వెధవ ముగ్గంతా నాశనం చేసి పోయాడండీ. ముఖం చూడలేదు గానీ కాఫీ రంగు టోపీ, నెత్తిన ఊలు బంతి. ఎప్పటికైనా దొరక్కపోడు."

"దొరుకుతాడు చెల్లెమ్మ గారూ" అన్నాను. ఇంకేమంటాను?

పండగ భోజనానికి ఆవిడ ఇవాళ మా ఇంటికి వస్తున్నారు. మీరేమో గుమ్మంలో సైకిలు హేండిల్‌కి, బంతితో సహా, జెండాలా వేలాడుతున్నారు. చలి శివరాత్రికి శివశివా అంటూ పోతుందంటారు, అప్పటిదాకా ఆగే వ్యవధి లేదు. మిమ్మల్ని ఇప్పుడే బీరువాలో కలరా ఉండల పక్కన పడుకోబెట్టాలని నా మనవి. దీనికి మా ఆవిడ ఒప్పుకోవాలి. మా ఆవిడ ఒప్పుకోవాలంటే నూనె ఒప్పుకోవాలి.

అందుకే నాలుగింటికే లేచాను. చప్పుడు కాకుండా స్టవ్ వెలిగించి, వేడినీళ్ళ గిన్నెలో సీసా పెట్టి, పక్కనే కూర్చుని ఇది రాస్తున్నాను. అంచుల దగ్గర కరిగింది. మధ్యలో ఇంకా గడ్డ ఉంది.

ఇట్లు,
మీ లోపలి తలకాయ