సోదాహరణ పాఠం

మా బావగారిని ఇంగ్లీషు మాటకు అర్థం అడగకూడదు. అడిగితే అర్థంతో సరిపెట్టరు, ఆ మాట ముత్తాతలందరినీ పిలుచుకొస్తారు. ఇది ఇంట్లో అందరికీ తెలుసు. మా మేనకోడలికి మరీ బాగా తెలుసు. అయినా బడికి వేళవుతుండగా, నోట్లో బ్రష్షు పెట్టుకుని మరీ అడిగింది: "నాన్నా, స్క్వీజ్ అంటే ఏమిటి?"

బావగారు పేస్టు ట్యూబు అందుకున్నారు. కొత్తది, నిండుగా ఉంది. మూత బిగించే ఉంది. ఉపన్యాసం మొదలయ్యాక ఆయనకు మూతలు కనబడవు.

"నొక్కడం, పిండడం, ఇరుక్కుని దూరడం, అన్నీ స్క్వీజే. ప్రేమగా చెయ్యి నొక్కినా అదే మాట, డబ్బు కోసం పీక నొక్కినా అదే మాట" అంటూ ట్యూబును సుతారంగా నొక్కారు. "ముందున్న ఆ 'ఎస్' తర్వాత వచ్చి చేరిందమ్మా. 16వ శతాబ్దంలో ఇది 'క్వీజ్'. స్క్వాష్ లాంటి మాటల సావాసంతో ఎస్ అంటుకుని ఉంటుందని పండితుల ఊహ."

పిడికిలి బిగిసింది.

"ఇంకా వెనక్కి వెళితే, పాత ఇంగ్లీషులో 'క్వీసన్'..."

ఆయన వెయ్యేళ్లు వెనక్కి వెళ్లేసరికి పేస్టుకూ వెనుక దారి దొరికింది. మూసిన ట్యూబులో ఒత్తిడి అన్ని వైపులకూ సమానంగా పాకుతుందని ఫ్రెంచి శాస్త్రవేత్త పాస్కల్ 17వ శతాబ్దంలోనే చెప్పాడు. మూత కదల్లేదు, తోక దగ్గరి అతుకు విడిపోయింది. తెల్లటి పేస్టు కళ్లజోడు ఎడమ అద్దాన్ని కప్పి, సగం మీసం దాటి, ఇస్త్రీ చొక్కా జేబులోకి దిగింది. మిగిలింది గోడ అద్దానికి.

పూర్వం చిత్రకారులు రంగులను పంది మూత్రాశయపు సంచుల్లో దాచుకునేవారట. అవి తరచూ పగిలేవి. ఆ బాధ పడలేక జాన్ రాండ్ అనే అమెరికన్ చిత్రకారుడు 1841లో తగరపు ట్యూబు కనిపెట్టాడు. పేస్టు ట్యూబులన్నీ ఆ వంశానివే. పాపం, ఆయన లెక్కలో మా బావగారు లేరు.

అక్క కేక వెయ్యలేదు. తడిగుడ్డ తెచ్చి చేతిలో పెట్టింది. "ముందు దీన్ని గట్టిగా పిండండి. తర్వాత అద్దం తుడవండి."

బావగారు గుడ్డ మెలిపెడుతూ కూతురి వైపు తిరిగారు.

"చూశావా అమ్మా, ఇలా మెలితిప్పి పిండడానికి ఇంగ్లీషులో వేరే మాట ఉంది, రింగ్. దీని ముందు డబ్ల్యూ ఉంటుంది, కానీ పలకదు. ఎందుకంటే..."


అమ్మాయి అప్పటికే బూట్లు వేసుకుంటోంది.